ప్రోగ్రాము రచనకు ఓనమాలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసపు పాఠము)



కంప్యూటరుతో పనిలేని వ్యవహారము నేడు గ్రామమున అరుదు. పొలము విస్తీర్ణము, బ్యాంకు అప్పు, రేషను సరకు, పిల్లల పరీక్షా ఫలితము, అన్నియు ఆ యంత్రము ద్వారానే నడచుచున్నవి. పూర్వము కవిలె కట్టలలో నుండిన లెక్క ఇప్పుడు తెరమీది కెక్కినది. అయితే ఆ యంత్రము తనంతట తాను లెక్క కట్టునది కాదు. ఏ అంకెను దేనితో కూడవలెనో, ఎప్పుడు భాగింపవలెనో, ఎచ్చట ఆపవలెనో ముందుగా వ్రాసియుంచిన ఆజ్ఞల వరుసను బట్టియే అది నడచును. ఆ ఆజ్ఞల వరుసకు ప్రోగ్రాము అని పేరు. దానిని వ్రాయుట నగరవాసులకును, ఇంగ్లీషు చదువులవారికిని మాత్రమే చెల్లిన విద్య యని గ్రామములయందు ఒక అభిప్రాయము పాతుకొని యున్నది. ఆ అభిప్రాయము ఎంతవరకు నిజమో విచారించి, అభ్యాసమును ఎచ్చట ఆరంభింపవలెనో తెలుపుట ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము.

కంప్యూటరును గూర్చి మొట్టమొదట తెలిసికొనవలసినది దాని తెలివిని కాదు, తెలివిలేమిని. పాలేరును పిలిచి "చేనికి నీరు పెట్టి రమ్ము" అన్నచో చాలును. గట్టు తెగియున్న పూడ్చును. మడి నిండినంతనే మడవ కట్టును. పొరుగువాని వంతు వచ్చినచో నిలిచి మాటాడును. ఇవి యన్నియు చెప్పకయే చేయును. ఏలయన వానికి ఇంగితము కలదు. యంత్రమునకు ఇంగితము లేదు. మడవ తీయుమన్న తీయును; కట్టుమని చెప్పకున్న ఊరు మునిగినను కట్టదు. కాని చెప్పినదానిని మాత్రము వేయిసార్లు చెప్పినను విసుగక, నిద్రపోక, కోట్లకొలది లెక్కలనైనను క్షణములలో చేసిపెట్టును. కావున ప్రోగ్రాము రచన యనగా ఇంగితము లేని సేవకునకు సైతము అర్థమగునట్లు తన ఆలోచనను అడుగడుగున విడమరచి చెప్పుట. ఆలోచన చెదరియున్నవాడు ఎంత గొప్ప యంత్రమును కొన్నను ప్రోగ్రాము వ్రాయజాలడు. ఆలోచన కుదురుగా నున్నవానికి ఒక కాగితమును, పెన్సిలును ఆరంభమునకు చాలును.

ఇది చమత్కారమునకు చెప్పిన మాట కాదు. 1843వ సంవత్సరమున ఇంగ్లాండునందు ఏడా లవ్‌లేస్ అను విదుషీమణి, చార్లెస్ బాబేజ్ తలపెట్టిన గణనయంత్రమును వివరించుచు, బెర్నూలీ సంఖ్యలు అను వానిని ఆ యంత్రము ఏ క్రమమున లెక్కింపవలెనో మెట్టు మెట్టుగా పట్టిక వేసి ప్రకటించినది. ఆ యంత్రము పూర్తిగా నిర్మింపబడనే లేదు. అయినను ఆ పట్టికను లోకము తొలి ప్రోగ్రాములలో నొకటిగా గౌరవించుచున్నది. యంత్రము కంటె ముందుగా పుట్టినది ఆలోచనా క్రమమే యనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

తెలుగున పద్యము చదివినవారికి ఇట్టి ఆలోచనా క్రమము బొత్తిగా క్రొత్త కాదు. ఛందస్సునందు మూడేసి అక్షరముల గణములు ఎనిమిది. మొదటి అక్షరము గురువో లఘువో కావలెను. రెండవదియు, మూడవదియు నంతే. రెండును రెండును రెండును గుణించిన ఎనిమిది. మ, య, ర, స, త, జ, భ, న యను క్రమమున వానిని వరుసగా నిలుపుటకు ప్రస్తారమని పేరు. ఇప్పుడొక ప్రశ్న. ప్రస్తారమంతయు వ్రాయకుండ, ఆరవ వరుసలో నుండు గణ మేదియో కనుగొను టెట్లు? దీనికి సంస్కృత ఛందశ్శాస్త్రము నష్టము అను ప్రక్రియను చెప్పినది. పింగళుని సూత్రములయందే దీనికి మూలము కలదు. ఆ ప్రక్రియ ఇది:

ఒకటవది: వరుస సంఖ్యను తీసికొనుము.

రెండవది: ఆ సంఖ్య సరిసంఖ్య యైనచో లఘువు వ్రాసి, సంఖ్యను సగము చేయుము.

మూడవది: బేసిసంఖ్య యైనచో గురువు వ్రాసి, ఒకటి కలిపి, పిమ్మట సగము చేయుము.

నాలుగవది: కావలసినన్ని అక్షరములు వచ్చువరకు రెండవ, మూడవ సూచనలను మరల మరల పాటించి, అటుపై నిలుపుము.

ఆరును తీసికొందురు గాక. ఆరు సరిసంఖ్య, లఘువు వ్రాసి సగము చేయగా మూడు. మూడు బేసి, గురువు వ్రాసి, ఒకటి కలిపి సగము చేయగా రెండు. రెండు సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు: అది జగణము. మ, య, ర, స, త, జ యని వ్రేళ్లు మడచి లెక్కించినను ఆరవది జగణమే.

ఈ నాలుగు వాక్యములను నిదానముగా పరిశీలించినచో ప్రోగ్రాము రచన యొక్క ముఖ్యాంగములు చాలవరకు అందే కానవచ్చును. ఒక విలువను పుచ్చుకొనుట. అది మారుచుండగా గుర్తుంచుకొనుట. సరియా బేసియా యని పరీక్షించి దారి ఎంచుకొనుట. చేసినదానినే మరల చేయుట. ఎప్పుడు ఆపవలెనో తెలిసియుండుట. తుదకు ఫలితమును వ్రాసి చూపుట. అంతమాత్రమున పూర్వులు కంప్యూటరును కనిపెట్టిరని చాటుకొనుట తగదు; అది సత్యము కాదు. విద్యుత్తుతో నడచు గణనయంత్రములు ఇరువదవ శతాబ్దమున పెక్కుదేశముల శాస్త్రజ్ఞుల శ్రమవలన పుట్టినవి. ఇచ్చట గ్రహింపవలసిన దొక్కటే: గురులఘువులు గుర్తింప నేర్చిన బుద్ధికి ఈ విద్య అందరానిది కాదు.

ఇక భాషను గూర్చిన భయము. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుటకై ప్రత్యేక భాషలు కలవు. వానిలో క్రొత్తవారికి అనువైనది పైథాన్ అను భాష. హాలెండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దీనిని నిర్మించి 1991లో లోకమునకు వెల్లడించెను. ఇది ఉచితముగా లభించును. క్రొత్తవారికొరకు భాష నిర్మించుట కూడ క్రొత్త సంగతి కాదు. అమెరికాయందలి డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యులు, శాస్త్రము చదువని విద్యార్థులు సైతము కంప్యూటరును వాడుకొన వలెనను తలంపుతో బేసిక్ అను భాషను కల్పించి 1964 మే 1వ తేదీన దానిని నడిపించిరి. ప్రోగ్రాము రచన అందరి విద్య కావలెనను ఆశయము అంత పాతది.

పైథాన్ భాష తనకై కేటాయించుకొన్న మాటలు 35. తెలుగు వర్ణమాలలోని అక్షరములకంటె అవి తక్కువ. వానికి తోడు ప్రింట్, ఇన్‌పుట్ వంటి మరికొన్ని మాటలు నేర్చిన ఆరంభమునకు చాలును. ఆ మాటలు ఇంగ్లీషువే యైనను, వానిని నేర్చుటకు ఇంగ్లీషున ఉపన్యసింప నేర్వనక్కరలేదు. మరియొక విశేషము: విలువలకు పెట్టుకొను పేర్లు తెలుగు లిపిలో నుండవచ్చును. అసలు, వడ్డీ, గుంటలు, ఎకరములు అని వ్రాసికొన్నను పైథాన్ అంగీకరించును. విలువ నడిగినపుడు ౧౩౭ అని తెలుగు అంకెలలో కొట్టినను, దానిని పూర్ణసంఖ్యగా మార్చుమని ఆజ్ఞాపించినచో 137గానే గ్రహించును. పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమున మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమునకు తెలుగు చాలదని ఆయన తలపలేదు. నేటి అభ్యాసియు తలపనక్కరలేదు. ఆలోచనను మొదట తెలుగున కాగితముపై వ్రాసికొని, అటుపిమ్మట ఒక్కొక్క వాక్యమును పైథాన్ లోనికి మార్చుటయే ఉత్తమమైన పద్ధతి.

అభ్యాసమునకు కావలసిన సామగ్రి స్వల్పము. కంప్యూటరున్న మేలు. లేనివారు స్మార్టుఫోనుతోనైనను ఆరంభింపవచ్చును. పైథాన్ ను నడిపించు సాధనములు ఫోనులకును కలవు. ఒక నోటు పుస్తకము, దినమునకొక గంట. ఆ గంట తప్పక ప్రతిదినము ఉండవలెను. ఆదివారమున ఏడు గంటలు కూర్చుండుటకంటె దినమొక గంట మేలు.

మొదటి దినమున తన పేరును తెరపై చూపుమని యంత్రమున కాజ్ఞాపింపవలెను. ఒక్క పంక్తి చాలును. అది పిల్లలాట వలె తోచును గాని, వ్రాసినది నడచినదను నమ్మకము అక్కడనే కలుగును. రెండవ పాఠముగా గ్రామమున నిత్యము పనికివచ్చు లెక్కను చేపట్టవలెను. ఎకరమునకు 40 గుంటలు. 137 గుంటలు ఎన్ని ఎకరములు? నలుబదిచేత భాగింపగా భాగఫలము 3, శేషము 17. అనగా 3 ఎకరముల 17 గుంటలు. పైథాన్ నందు రెండు ఏటవాలు గీతలు ప్రక్కప్రక్కన వ్రాసిన భాగఫలమును, శాతపు గుర్తు వ్రాసిన శేషమును ఇచ్చును. గుంటలెన్నియో అడుగుట, భాగించుట, ఫలితము చూపుట: నాలుగైదు పంక్తులలో ప్రోగ్రాము ముగియును. మూడవ పాఠముగా వడ్డీ లెక్క. 25,000 రూపాయల అసలునకు నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున 18 నెలలకు బారువడ్డీ 9,000. అదే లెక్కను నెలకొక పంక్తిగా చూపుమన్నచో ఒకే పనిని మరల మరల చేయించుట అలవడును. నాల్గవ పాఠముగా అధిక సంవత్సరము. నాలుగుచే భాగింపబడు సంవత్సరమున ఫిబ్రవరికి 29 దినములు. కాని నూటిచే భాగింపబడినచో లేదు. నాలుగువందలచే భాగింపబడినచో మరల కలదు. 1900 అధిక సంవత్సరము కాదు, 2000 అగును. నియమము, దానికి అపవాదము, అపవాదమునకు మరల అపవాదము. వ్యాకరణము చదివినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

అయిదవ పాఠముగా నష్టప్రక్రియను వ్రాయవచ్చును. సరిగా వ్రాసినదో లేదో చూచుటకు మంచి పరీక్ష కలదు. ఉత్పలమాలకు పాదమున 20 అక్షరములు. గణములు భ, ర, న, భ, భ, ర, వ. ఇరువది అక్షరముల ప్రస్తారమున వరుసలు 10,48,576. అందు ఉత్పలమాల 3,55,799వది. ఆ సంఖ్యను ప్రోగ్రామునకిచ్చినచో ఉత్పలమాల గురులఘువులే రావలెను. ఆ ప్రస్తారమంతయు నిమిషమునకొక వరుస చొప్పున మనుష్యుడు రేయింబవళ్లు వ్రాసినను సుమారు రెండు సంవత్సరములు పట్టును. యంత్రము కొద్ది క్షణములలో ముగించును. కాని దానికి నియమము చెప్పినది మనుష్యుడే.

ఇక దోషములను గూర్చి చెప్పవలెను. ఏలయన క్రొత్తవారు విద్యను విడిచిపోవు రేవు అదియే. వ్రాసిన ప్రోగ్రాము మొదటిసారి నడువదు. ఎర్రని అక్షరములతో ఇంగ్లీషున ఏవో పంక్తులు తెరమీద కనబడును. "ఇది మన వలన కాదు" అని మూసివేయుదురు. ఆ పంక్తులు తిట్లు కావు, జాబులు. పైథాన్ ఇచ్చు జాబులో కడపటి పంక్తిని మొదట చదువవలెను. దోష మేమియో అందుండును. ఏ పంక్తియందు జరిగినదో పైన చెప్పబడియుండును. చాలసార్లు ఒక కుండలీకరణము మూయకపోవుటయో, ఎడమ అంచున విడువవలసిన చోటు విడువకపోవుటయో కారణమై యుండును. గొప్పవారికిని ఇవి తప్పలేదు. 1947 సెప్టెంబరున అమెరికాయందు హార్వర్డు మార్క్ టూ అను కంప్యూటరు పనిచేయనందున విప్పిచూడగా, ఒక మీట నడుమ చిమ్మట చిక్కుకొని కనబడెను. దానిని తీసి దినచర్య పుస్తకమున అతికించి, నిజముగా దొరికిన మొదటి పురుగు అను భావమున వ్రాసి పెట్టిరి. యంత్రదోషమునకు పురుగను పేరు అంతకు ముందే వాడుకలో నుండినది. నాటినుండి ఆ కథయు నిలిచినది. దోషమును దాచక దినచర్యలో అతికించుకొన్న ఆ బుద్ధియే అభ్యాసికి కావలెను.

దోషములలో మూడు తరగతులు కలవు. భాషా నియమము తప్పిన శబ్దదోషము మొదటిది. యంత్రము వెంటనే పట్టుకొనును. నడుచుచు నడుచుచు నిలిచిపోవునది రెండవది, సున్నచేత భాగింపుమన్నట్టిది, దానిని గూడ యంత్రము తెలుపును. మూడవది అర్థదోషము. ఇదియే అన్నిటికంటె ప్రమాదము. ప్రోగ్రాము చక్కగా నడచును, ఫలితము తప్పుగా వచ్చును, యంత్రము నోరెత్తదు. గుంటల లెక్కలో 40కి బదులు, సెంట్ల అలవాటుచేత, 100 అని వ్రాసినచో 137 గుంటలు 1 ఎకరము 37 గుంటలని వచ్చును. అనగా రైతునకు ఎకరమున్నర నేల మాయమగును. తెర మీద మాత్రము అంతయు శుభ్రముగానే కనబడును. 1999 సెప్టెంబరున అంగారక గ్రహమునకు అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక ఇట్లే నశించినది. ఒక ప్రోగ్రాము పౌండ్ల కొలతలో ఇచ్చిన అంకెలను, వేరొక ప్రోగ్రాము న్యూటన్ల కొలతగా భావించి లెక్కకట్టినది. కావున ప్రతి ప్రోగ్రామును ముందుగా జవాబు తెలిసిన లెక్కలతో పరీక్షింపవలెను. 137 ఇచ్చి చూచుట చాలదు. 40 ఇచ్చినచో సరిగా ఎకరము రావలెను. 39 ఇచ్చినచో సున్న ఎకరములు, 39 గుంటలు రావలెను. సున్న ఇచ్చినచో సున్నయే రావలెను. హద్దురాళ్ల యొద్దనే తగవులు పుట్టునట్లు, అంకెల హద్దుల యొద్దనే దోషములు దాగియుండును.

ఇచ్చట యువకులొక ప్రశ్న వేయుదురు. "ఇప్పుడు కృత్రిమ మేధ యని యంత్రములు వచ్చినవి గదా. అడిగినచో అవియే ప్రోగ్రాము వ్రాసి ఇచ్చుచున్నవి. ఇక నేర్చుకొనుట ఎందులకు?" ప్రశ్న న్యాయమైనదే. నిజముగానే అవి వ్రాయుచున్నవి. పెక్కుసార్లు చక్కగానే వ్రాయుచున్నవి. కాని గుమాస్తా ఎంత నేర్పరియైనను, చిట్టా ఆవర్జా చదువరాని యజమాని గతి యేమగునో గ్రామస్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. లెక్క సరియైనదో కాదో తెలియక చూపిన చోట వ్రేలిముద్ర వేయవలసినదే. యంత్రము వ్రాసి ఇచ్చిన ప్రోగ్రాములో నలుబది యున్నదో నూరున్నదో చూచి చెప్పగలవాడు గ్రామమున ఒకడైన నుండవలెను. అట్టి యంత్రమును గురువుగా వాడుకొనవచ్చును. దోషమును వివరింపు మనవచ్చును. వేరొక ఉదాహరణ మడుగవచ్చును. అభ్యాస కాలమున లెక్కను మాత్రము తానే చేయవలెను. ఒకరు ఈదుచుండగా గట్టున నిలిచి చూచినవానికి ఈత రాదు.

అందరును ప్రోగ్రాము రచనచే జీవించువారు కానక్కరలేదు. 2000వ సంవత్సరము రాకముందు, తేదీలలో రెండంకెలే వ్రాసిన పాత ప్రోగ్రాములను సవరించు పనికై తెలుగునాటి యువకులు పెక్కురు అమెరికాకు పోయిరి. ఆ దారిని పెక్కు కుటుంబములు బాగుపడినవి, అది సంతోషింపదగినదే. కాని ఆ కారణముచేత ఈ విద్య ఊరు విడుచువారికి మాత్రమే యను తలంపు కూడ స్థిరపడినది. ఊరనుండువానికి దీని అక్కర ఇంకను ఎక్కువ. పాల కేంద్రమున వెన్న శాతమును బట్టి ధర కట్టుట, సంఘమున పొదుపు లెక్క, చేనిలో ఎరువు మోతాదు, గ్రంథాలయమున పుస్తకములు తిరిగి రావలసిన తేదీల పట్టిక, ఇవి యన్నియు పాతిక ముప్పది పంక్తుల ప్రోగ్రాములకు లోబడునవే. తన ఊరి లెక్కను తన చేతితో వ్రాసిన యువతి ఏ నగరమునకు పోయినను తడబడదు, పోకున్నను చిన్నబోదు.

1914వ సంవత్సరమున బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినపుడు, అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగు పెద్దలు కోరినది పుస్తకము పల్లెకు పోవలెననియే. చదువురానివారికొరకు చదివి వినిపించుట నాడు గ్రంథాలయ ధర్మములలో నొకటి. నేడు తెరమీది లెక్కను చదివి వినిపించువారు కావలసియున్నారు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము ఒక మూలను, ఒక బల్లను, ఒక కంప్యూటరును ఇందులకు కేటాయించుట కార్యవర్గమువారికి అసాధ్యము కాదు. అభ్యాసకులు ఇద్దరిద్దరుగా కూర్చుండుట మేలు. ఒకరు వ్రాయుచుండగా వేరొకరు చూచి ప్రశ్నింపవలెను. పిమ్మట చోట్లు మార్చుకొనవలెను. వ్రాసిన ప్రతి ప్రోగ్రామును, పట్టుకొన్న ప్రతి దోషమును ఒక పుస్తకమున ఎక్కించి అల్మారలో నుంచినచో, మరుసటి సంవత్సరము వచ్చువారికి అదియే వాచకమగును.

మొదటి పాఠమునకు వచ్చువారు నోటు పుస్తకము తెచ్చుకొనవలెను. అందు మొదటి పుటలో, తమకు నిత్యము చేయవలసి వచ్చు లెక్కను ఒకదానిని ఎంచుకొని, ఇంగితము లేని సేవకునకు చెప్పునట్లు, ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క పంక్తిగా, తెలుగున వ్రాసి తేవలెను. కంప్యూటరును తెరచుట ఆ పిమ్మటి పని.